నృపతుంగ రోడ్డు మొదలు తరగతి గది వరకు

కర్ణాటక రాష్ట్రమున బడుల పాలన ఏ విధముగ నడచుచున్నదో పైనుండి క్రిందివరకు చూడవలెనను కోరికతో, బెంగుళూరు నృపతుంగ రోడ్డునందలి పాఠశాలా విద్యాశాఖ కమిషనరు కార్యాలయమునకు మొదట వెళ్ళితిని. బదిలీ కాగితములు చేతబట్టుకొని దూరపు జిల్లాలనుండి వచ్చిన ఉపాధ్యాయులు వసారాలో నిలిచియుండిరి. విధానసౌధమున మంత్రివర్యులు నిశ్చయించిన విధానములు ఉత్తర్వులై ఇచ్చటినుండి జిల్లాలకు బయలుదేరును. ఉత్తర ప్రాంతముల పర్యవేక్షణకై ధార్వాడ, కలబురగి నగరములందు అపర కమిషనరులు కలరు. జిల్లాకు ఉపనిర్దేశకులు, తాలూకాకు బి.ఇ.ఓ. అను క్షేత్ర విద్యాధికారి, కొన్ని బడుల సముదాయమునకు సి.ఆర్.పి. అను సహాయకులు ఉందురు. విద్యాజిల్లాల హద్దులు రెవిన్యూ జిల్లాల హద్దులనే అనుసరింపవు. తుమకూరు జిల్లాలో మధుగిరియు, బెళగావి జిల్లాలో చిక్కోడియు వేరు విద్యాజిల్లాలు కాగా, బెంగుళూరు నగరము ఉత్తర దక్షిణములుగ విభక్తమైయున్నది.

ఈ వ్యవస్థకు పునాది పాతది. మైసూరు సంస్థానమున 1857లో విద్యాశాఖ ఏర్పడెను. పిమ్మట శాసన పరిశోధకుడుగ విఖ్యాతుడైన బి.ఎల్. రైస్ విద్యాశాఖలో నుండగా, 1868లో తాలూకాలోని ఉపవిభాగమైన హోబళీకొక బడి యుండవలెనను ప్రణాళికను రచించెను. 1956లో మైసూరు, బొంబాయి, హైదరాబాదు, మద్రాసు, కొడగు పాలనలలోని కన్నడ ప్రాంతములు ఏకమైనప్పుడు, వేర్వేరు పద్ధతులకు అలవాటుపడిన బడులన్నియు ఒక్క శాఖ క్రిందికి వచ్చెను. వానికెల్ల సమగ్రమైన చట్టముగ రూపొందిన కర్ణాటక విద్యాచట్టము 1983 నాటిదైనను, అమలులోనికి వచ్చినది 1995లోనే.

కమిషనరు కార్యాలయమునుండి మల్లేశ్వరమునందలి పరీక్షా మండలి కార్యాలయమునకు పోయితిని. ఎస్.ఎస్.ఎల్.సి. అను పదవ తరగతి పరీక్షలో ప్రథమభాషగ కన్నడముతో పాటు తెలుగు, తమిళము, మరాఠీ, ఉర్దూ మొదలగు భాషలను ఎన్నుకొను వీలున్నదని ఇచ్చటి తెలుగువారందరు ఎరుగరు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణము 1956లోనే చేరినది. కాని అధికరణము తరగతి గదిని చేరుటకు ఉపాధ్యాయుని కొలువు కావలెను. కొలువునకు పిల్లల లెక్క కావలెను.

ఆ లెక్క ఎచ్చట పుట్టునో చూచుటకు, భవననిర్మాణ కార్మికులు నివసించు నొక పేటలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళితిని. ప్రధానోపాధ్యాయిని ప్రవేశముల రిజిస్టరును నా ముందుంచిరి. నీలిసిరాతో గీసిన గళ్ళలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఆపై మాతృభాష; ఆ చివరి గడిలో పుట పొడుగునను తెలుగు, తెలుగు అని కన్నడ లిపిలో వ్రాసియుండెను. ఆనాడు ఎస్.డి.ఎం.సి. అను పాఠశాలాభివృద్ధి, పర్యవేక్షణ సమితి సమావేశము. 2001లో రాష్ట్ర ప్రభుత్వము నెలకొల్పిన ఈ సమితికి అధ్యక్షుడు పిల్లల తల్లిదండ్రులలో నొకడే, కార్యదర్శి ప్రధానోపాధ్యాయుడు. అనంతపురము సీమనుండి వచ్చిన యొక తల్లి లేచి, “మేడమ్, మా మేస్త్రీ వేరే చోటికి పోతాండాడు. మేమూ పోవాల. పాపకి టి.సి. ఎప్పుడిస్తారు?” అని అడిగెను. “ఇప్పుడే రాసిస్తానమ్మా. అది ఆలస్యమైనా కొత్త బడివాళ్ళు పాపని చేర్చుకోవాల్సిందే, చట్టం ఉంది,” అని ప్రధానోపాధ్యాయిని బదులు చెప్పి, సమావేశము ముగియకమునుపే కాగితము వ్రాసియిచ్చిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టమునందలి 5వ విభాగమది. ఢిల్లీలో పుట్టిన శాసనము ఆ బిడ్డకు నిజమైన హక్కైనది ఈ బడి బల్లమీదనే.

కార్యాలయముల నుండి ఉత్తర్వులు దిగివచ్చు మార్గము సుగమముగనే యున్నది; రిజిస్టరులోని ఆ మాతృభాష గడి అదే దారిని తిరిగి పైకి పోయి, కొలువులు నిర్ణయించువారి కంటబడవలెను. అందుకై తెలుగు తల్లిదండ్రులు సమితి ఎన్నికలలో నిలువవలెను, మాతృభాష గడిని సరిగా వ్రాయించవలెను, ప్రథమభాషను గూర్చి అడుగవలెను. అడిగినవారి మాట వినుటకు ప్రతి ప్రభుత్వ బడిలోను ఒక సమితి కలదు. అందులో మన కుర్చీ ఖాళీగ నుండరాదు.