కాపలా మాటలు: మాదాపూర్ డైరీ నుంచి

నవంబర్ 4
పక్క టీములో ఒకాయనకి ప్రమోషన్. కొత్త హోదా 'డేటా స్టీవార్డ్'. అందరికీ కాజూ బర్ఫీ పంచాడు. స్టీవార్డ్ అంటే పాత ఇంగ్లిష్‌లో ఇంటికి కావలివాడు. స్కాట్లండ్‌లో రాజుగారి స్టీవార్డ్ పదవి ఒకే వంశం చేతిలో ఉండేది. పదవే ఇంటిపేరైంది, మన దగ్గర కరణం, దేశ్‌ముఖ్ అయినట్టే. 1371లో ఆ ఇంటివాడు రెండో రాబర్ట్ పేరుతో గద్దెనెక్కాడు. స్టువర్ట్ రాజుల మొదలు అది. మావాడికి గద్దె అక్కర్లేదట, కిటికీ పక్క సీటు చాలట.

నవంబర్ 7
గచ్చిబౌలిలో చెల్లెలి హాస్టల్. గేటు దగ్గర గార్డు, మెట్లెక్కితే వార్డెన్. రెండూ ఒకే మూలం మాటలు. పాత జర్మానిక్ మాటొకటి ఫ్రెంచిలోకి వెళ్ళి, 1066లో నార్మన్లు గెలిచాక ఇంగ్లండ్ చేరింది. ఉత్తర ఫ్రాన్స్ యాసలో 'వ', పారిస్ వైపు 'గ'. వార్డ్‌రోబ్ కూడా ఆ చుట్టమే, బట్టలకి కాపలా. ఇంగ్లండ్ వదిలి ఎక్కడికీ వెళ్ళని అన్న 'వార్డ్'. మన జీహెచ్ఎంసీ వార్డు ఆ అన్నే.
వార్డెన్‌కి ఏసీ గది ఉంది. గార్డుకి కుర్చీ లేదు.

నవంబర్ 11, నైట్ షిఫ్ట్
'కీప్' పుట్టినప్పుడు దాచుకోవడం కాదు. వెయ్యేళ్ళనాటి రాతల్లో 'కేపన్' అంటే కనిపెట్టుకుని ఉండటం, దేనికోసమో కాచుకోవడం. మన 'కాయడం' కూడా అంతే కదా. రైతు చేను కాస్తాడు, దొంగ దారి కాస్తాడు. మేం సర్వర్ల అలర్ట్ కోసం కాస్తున్నాం. తెల్లారేదాకా ఏమీ జరగకపోతే పని బాగా చేసినట్టు. అప్రైజల్‌లో దాన్ని ఎలా రాయాలో ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు.

నవంబర్ 16, దుర్గం చెరువు
తీగల వంతెన మీద ఆదివారం జనం. 2020లో తెరిచిన దగ్గర్నుంచీ ఇదే సందడి. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకి తాగునీళ్ళు ఈ చెరువువేనని చెబుతారు. తెలంగాణ ఊళ్ళలో చెరువుకొక నీరటి ఉండేవాడు. తూము తీసేదీ మూసేదీ అతనే, ఏ మడికి ఎంత నీళ్ళో అతనికే ఎరుక. వానరాత్రి కట్ట మీద తిరిగేదీ అతనే. బదులుగా ఇనాం భూమి, పంటలో గింజలు. అతను చెరువుని చూసుకునేవాడు. మేం చూస్తున్నాం, లైట్లు వెలిగినప్పుడు మరీ ఎక్కువగా.

నవంబర్ 19
నానక్‌రామ్‌గూడలో ఒక ఫ్రెండ్ హెడ్జ్ ఫండ్ లెక్కలు చూస్తాడు. హెడ్జ్ అంటే పాత ఇంగ్లిష్‌లో చెట్లతో కట్టిన కంచె. మనకి అక్కడికి కూతవేటు దూరంలోనే కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువుల మేతకి విడిచి కాపాడుకున్న నేల. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్లు కొట్టడం ఆపమంది. పేరులో కంచ ఉన్నంత మాత్రాన నేల దక్కదు, ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కాలి.

నవంబర్ 23
పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్‌లో 'హోర్డ్‌వెఆర్డ్' అన్న మాట ఉంది, నిధి కావలి అని. కవి ఆ మాటని రాజుకీ వాడాడు, నిధి మీద చుట్టచుట్టుకున్న డ్రాగన్‌కీ వాడాడు. లంకెబిందెల మీద పాము మనకీ తెలుసు. తేడా ఒక్కటే, రాజు పంచిపెడతాడు. మా సర్వర్లలో ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని లాగ్‌లున్నాయి. 'ఎప్పటికైనా పనికొస్తాయి' అన్నాడు మేనేజర్. ఆయన్ని ఏ లెక్కలో వేయాలో ఆలోచిస్తున్నాను.

నవంబర్ 27
ఆ కావ్యానికి మిగిలిన పాత ప్రతి ఒక్కటే. 1731లో లండన్‌లో కాటన్ గ్రంథాలయం అంటుకున్నప్పుడు దాని అంచులు కాలాయి. తర్వాత పట్టుకున్నప్పుడల్లా పొడిపొడిగా రాలాయి. 1780లలో థోర్కెలిన్ అనే ఐస్లండ్ పండితుడు ఒక నకలు రాయించాడు, ఇంకోటి తనే రాసుకున్నాడు. అంచుల్లో పోయిన అక్షరాలు ఎన్నో ఇవాళ ఆ నకళ్ళలోనే దొరుకుతాయి. తాళం వేసి ఉంచినవాళ్ళ కన్నా, తీసి రాసుకున్నవాడే ఎక్కువ కాపాడాడు.
రేపు రీస్టోర్ టెస్ట్. బ్యాకప్ తీస్తున్నామని అందరూ అంటారు, తెరిచి చూసినవాళ్ళు తక్కువ.