కారేది ఒకటి, కారణం ఒకటి

మా బండి ముందు చక్రం పక్కన నేల మీద రూపాయి బిళ్ళంత నూనె మచ్చని మొదట చూసింది నేను కాదు, మా నాన్నగారు. పొద్దున్నే పేపరు కోసం గేటు దాకా వెళ్ళొచ్చి, "ఏరా, నీ బండి రాత్రంతా ఏడ్చినట్టుందే" అన్నారు. వెళ్ళి వంగి చూశాను. ఎడమ ఫోర్కు రాడ్డు మీద వేలు పెడితే జిడ్డు. ఆయిల్ సీలు పోయింది. బండి ఉన్నవాడికి షాకబ్జర్ కారడం, మనిషికి జలుబు చేసినంత మామూలే. కాకపోతే ఆ సీలు వేయించి అప్పటికి ఐదు వారాలే అయింది. దానికి ముందుది రెండు నెలలు బతికింది.

మొదటిసారి సీలుని అనుమానించాను, డూప్లికేటు అంటగట్టారని. రెండోసారి షాపుని అనుమానించాను, చేతకాని కుర్రాడి చేత వేయించారని. మూడోసారికి పంతం పట్టింది. నేనే విప్పుతాను అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. వంటింటి అటక మీదున్న బిస్కెట్ల డబ్బా వైపు ఒకసారి చూసింది. నేను విప్పిన మిక్సీ నాలుగు నెలలుగా ఆ డబ్బాలోనే ఉంది.

షాకబ్జర్ అనగానే మనకి స్ప్రింగు గుర్తొస్తుంది. స్ప్రింగు దెబ్బని మింగదు, చేబదులు తీసుకుంటుందంతే. గోతిలో పడ్డప్పుడు తీసుకున్నదంతా మరుక్షణమే తిరిగిచ్చేస్తుంది. ఆపేవాళ్ళు లేకపోతే ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు అలా సాగుతూనే ఉంటాయి, మధ్యవర్తిగా మన నడుముని పెట్టుకుని. దెబ్బని నిజంగా మింగేది నూనె. ఫోర్కు కిందికీ పైకీ ఆడినప్పుడల్లా లోపలి నూనె చిన్న చిన్న కంతల్లోంచి ఇరుక్కుంటూ దూరాలి. ఆ అవస్థలో ఊపంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హ్యాండిలు పట్టుకుని ఒకసారి గట్టిగా కిందికి నొక్కి వదిలి చూడండి. పైకొచ్చి కుదురుగా ఆగిందంటే నూనె పని చేస్తున్నట్టు. ఉయ్యాల్లా రెండుమూడుసార్లు ఊగిందంటే సెలవు పెట్టినట్టు. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు, లోపల నూనె అన్న ఏర్పాటుతో 1935లోనే బీఎండబ్ల్యూ ఆర్12 మోటారు సైకిలు వచ్చింది. మన వందా నూటపాతిక సీసీ బళ్ళు ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. అంత పాతకాలపు ఏర్పాటు కాబట్టే నాలాంటివాడు పార్కింగులో పీట వేసుకుని విప్పుదామని సాహసించాడు.

విప్పేముందు ఒక చిట్కా ప్రయోగించాలి. కారే ప్రతి సీలూ చచ్చిన సీలు కాదు. సీలు పెదవికీ రాడ్డుకీ మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా కారుతుంది. పైనున్న డస్టు సీలు జరిపి, సన్నటి ఫిల్ము ముక్క ఒకటి ఆ పెదవి కిందికి దూర్చి, రాడ్డు చుట్టూ తిప్పి లాగితే మురికి దానితో బయటికొస్తుంది. రేకు పెడితే రబ్బరు తెగుతుంది, కాగితం పెడితే నలిగిపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ఇందుకోసమే పుట్టినట్టు ఉంటుంది.

మా ఇంట్లో ఉన్న ఎక్స్‌రే ఒక్కటే. నాన్నగారి కుడి మోకాలు, 2014. బీరువాలో పట్టుపంచెల కింద, ఇంటి కాగితాల పక్కన దాని చోటు. "గుజ్జు అరిగిపోయింది" అని డాక్టరు చెప్పిన మాటకి అదే దస్తావేజు. 2019 డిసెంబరులో గ్రహణం చూడ్డానికి పక్కింటి పిల్లలు అడిగినా ఇవ్వలేదాయన. ఇవ్వకపోవడమే మంచిదయింది, దాంతో సూర్యుణ్ణి చూడడం కళ్ళకి చేటు. నా బేరం అరగంట నడిచింది. చివరికి ఆయనే ఫిల్ముని కిటికీ వెలుగుకి పట్టుకుని, వేలితో సరిహద్దు గీసి చూపించారు. "ఎముక దగ్గరికి రాకు. ఆ పక్కన నల్లగా ఖాళీ ఉంది కదా, అక్కడ కోసుకో."

ఫోర్కు కుడి కాలు కూడా కొంచెం చెమ్మగిల్లుతోంది. దానికి ఫిల్ము పని చేసింది. రెండుసార్లు తిప్పి లాగితే నల్లటి మడ్డి వచ్చింది, మర్నాటికి పొడిగా ఉంది. ఎడమ కాలు లొంగలేదు.

ఆదివారం సెంటర్ స్టాండు వేసి, ఇంజిను కింద ఇటుకలూ చెక్కా పేర్చి మొదలుపెట్టాను. చక్రం ఊడింది, మడ్‌గార్డు ఊడింది, క్లాంపు బోల్టులు వదులు చేసి తిప్పుతూ లాగితే ఫోర్కు కాలు చేతిలోకి వచ్చింది. అప్పుడు తెలిసింది నా తప్పు. పై మూత బోల్టుని కాలు ఇంకా క్లాంపులో బిగించి ఉండగానే వదులు చెయ్యాలి. బయటికి తీశాక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒడిలో పెట్టుకుని మొసలితో కుస్తీ పట్టినట్టు పట్టి ఎలాగో విప్పాను. నూనె గిన్నెలోకి వంచితే బూడిద రంగులో, అల్యూమినియం అరుగుదలతో మెరుస్తూ దిగింది. ఆ వాసనకి మా ఆవిడ పై అంతస్తు నుంచి కేకేసింది, "కింద ఎవరు ఎండుచేపలు కాలుస్తున్నారండీ?" అని.

అడుగున అలెన్ బోల్టు ఒకటి ఉంటుంది. మనం తిప్పితే లోపలి రాడ్డు కూడా దాంతోపాటే తిరుగుతుంది, మన పానా కదిలినట్టే ఉంటుంది గాని మర మాత్రం వదలదు. గంటసేపు ఆడించింది. విరుగుడు చిన్నదే. స్ప్రింగుని తిరిగి లోపల వేసి గట్టిగా నొక్కిపట్టాలి, ఆ ఒత్తిడికి రాడ్డు నిలబడుతుంది, బోల్టు వదులుతుంది. తరవాత సర్‌క్లిప్పు తీసి, స్క్రూడ్రైవరుకి గుడ్డ చుట్టి పాత సీలుని పెకలించాను. చేతిలో పెట్టుకుని చూస్తే ఐదు వారాల రబ్బరు, ఇంకా మెత్తగానే ఉంది. పెదవి చుట్టూ ఉంగరంలాంటి సన్నటి స్ప్రింగు కూడా దాని చోటనే ఉంది. పెదవి మీద మాత్రం ఒకచోట నిలువునా గీత, గడ్డం గీసుకుంటుంటే పడ్డ కాటులాగ.

వీధి చివర షెడ్డులో పనిచేసే పెద్ద మెకానిక్కు అటుగా వెళ్తూ ఆగాడు. సీలు వైపు చూడనుకూడా లేదు. రాడ్డు తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలి గోరుని దాని పొడవునా నెమ్మదిగా జార్చాడు. ఒకచోట గోరు టక్కున ఆగింది. అక్కడ నా వేలు పెట్టించాడు. ఆవగింజలో సగం కూడా లేని గుంట. దాని పక్కన ఇంకో రెండు.

"సీలేటి చేస్తాదండి బాబూ," అన్నాడు. "రాడ్డు బ్లేడులాగుంటే ఎన్ని సీళ్ళేసినా తెగిపోద్ది."

కారేది సీలు, కారణం రాడ్డు. మూడు నెలలుగా నేను కారేదాన్ని తిట్టుకుంటూ వచ్చాను. రాడ్డుకి ఆ గుంటలు ఎలా వచ్చాయని అడగబోయి ఊరుకున్నాను. జవాబు నాకు తెలుసు. మాది లాసన్స్ బే, సముద్రం పక్కన. ఇక్కడ కిటికీ ఊచలు కూడా ఏడాదికోసారి రంగు అడుగుతాయి. రాడ్డు మీది క్రోము అద్దంలా మెరుస్తుంది గానీ, దానికి కంటికి కనపడని సన్నటి పగుళ్ళుంటాయి. ఉప్పుచెమ్మ వాటిలోంచి దిగి అడుగునున్న ఉక్కుని పట్టుకుంటుంది. తుప్పు పొంగి, పైనున్న క్రోముని పెచ్చులా లేపుతుంది. తిరుగుతున్న బండికి ఆ బాధ తక్కువ, రాడ్డుకి సీలు ఎప్పటికప్పుడు ఒక పల్చటి నూనె పొర పూస్తుంటుంది. నన్ను పార్వతీపురం బ్రాంచికి వేసిన పద్నాలుగు నెలలూ బండి కదలకుండా పడుంది. దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా కప్పి వెళ్ళాను, జాగ్రత్తపరుణ్ణని. లోపలికి దూరిన చెమ్మని ఆ కవరు బయటికి పోనివ్వలేదు. సీలు నుంచి రాడ్డుకి, రాడ్డు నుంచి ఉప్పుకి, ఉప్పు నుంచి కవరుకి, అక్కణ్ణుంచి నాకు. ముద్దాయిని వెతుక్కుంటూ పోయి నా ఇంటి తలుపే తట్టాను.

ఆ రాత్రి మా మేనల్లుడు మిషిగన్ నుంచి వీడియో కాల్ చేశాడు. నా చేతుల నిండా గ్రీజు చూసి, "మావయ్యా, నాదీ అదే బాధ" అని ఫోనుని కారు కిందికి తిప్పాడు. వాడు కుర్రవాడు, పాత కారొకటి కొని దానికి చవకరకం కాయిలోవర్లు వేయించుకున్నాడు. పేరు గంభీరమే గాని, దెబ్బని మింగే నూనె గొట్టం (డ్యాంపరు) చుట్టూ స్ప్రింగు తొడిగి, మర తిప్పి కారు ఎత్తు తగ్గించుకునే ఏర్పాటు అది. ఏడాది తిరక్కుండా రెండు కారుతున్నాయి. అక్కడ సముద్రం లేదు కదరా అంటే, "ఉప్పు రోడ్డు మీదే పోస్తారు మావయ్యా, మంచు కరగడానికి. డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది" అన్నాడు. నిజమే, వెయ్యి అడుగులకి పైగా లోతున ఆ ఊరి అడుగంతా ఉప్పే.

అయితే వాడి ముద్దాయి ఉప్పు ఒక్కటే కాదు. కారు నేలకి ఆనుతున్నట్టు కనిపించాలని ఎత్తు బాగా దించేశాడు. రాడ్డు పైకీ కిందికీ ఆడ్డానికి చోటు మిగల్లేదు. గోతిలో పడ్డప్పుడల్లా డ్యాంపరు అడుగంటా కొట్టుకునేది. వాడూ విప్పాడు. ఇక్కడ మాత్రం నా బండికీ వాడి కారుకీ పోలిక లేదు. నా ఫోర్కులో నూనె పైన ఉన్నది మామూలు గాలి. కారు డ్యాంపర్లలో చాలావాటికి నూనె నురగెత్తకుండా నైట్రోజన్ ఒత్తిడితో నింపుతారు. ఒకే గొట్టం రకాల్లో ఆ ఒత్తిడి మరీ ఎక్కువ. దాన్ని వదిలే దారి చూసుకోకుండా నట్టు విప్పితే రాడ్డు తూటాలా ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. వాడిది తక్కువ ఒత్తిడి రెండు గొట్టాల రకం, జాగ్రత్తగా వదిలి విప్పాడు. కొలతకి సరిపోయే హైడ్రాలిక్ సీలు వెతికి వేశాడు, కొత్త నూనె పోశాడు. గ్యాసు మాత్రం నింపలేకపోయాడు. పది మైళ్ళు నడిపేసరికి లోపల గుడగుడమని మజ్జిగ చిలికినట్టు చప్పుడు. నూనె నురగైపోయింది. నురగ దెబ్బని ఏం మింగుతుంది? చివరికి కొత్తవి కొని, ఎత్తు రెండు వేళ్ళు పెంచుకున్నాడు. ఓటమి అనను. ఇంట్లో విప్పగలిగేది ఏదో, విప్పకూడనిది ఏదో పది మైళ్ళ ఖర్చుతో తెలుసుకున్నాడు.

నా ఫోర్కుకి ఆ బెడద లేదు. గుంటల చుట్టూ లేచిన అంచుల్ని 1000 నంబరు వాటర్ పేపరుతో, తరవాత 2000తో సమం చేశాను. గుంటల్లో సూది మొనతో అరాల్డైట్ నింపి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్ళీ అదే కాగితంతో రుద్దాను. గోరు జార్చితే ఎక్కడా ఆగకూడదు. పరీక్ష అదొక్కటే. సీలు తిరిగే మేరలో ఉన్నవాటికే ఈ వైద్యం, క్లాంపు దగ్గరి మచ్చల జోలికి పోలేదు.

కొత్త సీలు వెయ్యడంలో మొదటిదాన్ని నేనే చంపాను. సుత్తితో ఒక పక్క కొట్టాను, అది ఒరిగి నలిగింది. రెండోదానికి బుద్ధొచ్చింది. ప్లంబింగులో మిగిలిన పీవీసీ గొట్టం ముక్క సరిగ్గా సీలు అంచు మీద కూర్చుంది. నంబరున్న వైపు పైకి పెట్టి, గొట్టం మీద నెమ్మదిగా తట్టితే సమంగా దిగింది. రాడ్డు చివరి అంచు పెదవిని గీరకుండా పాల ప్యాకెట్ ముక్క తొడిగి, గ్రీజు రాసి జార్చాను. అడుగు బోల్టుకి కొత్త రాగి వాచరు వేశాను. నూనె 10డబ్ల్యూ, రెండు కాళ్ళకీ సమానంగా, ఒక్కో వైపు 160 మిల్లీలీటర్లు. కొలతకి మా అబ్బాయి పాలసీసా, వాడికిప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంజినాయిలు పోసేవాళ్ళున్నారు గానీ, దానికి ఫోర్కు బిగుసుకుపోతుంది. పాత నూనె డబ్బాలో పట్టి షెడ్డుకిచ్చాను, గెడ్డలో పొయ్యలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. రాడ్డు మీద వేలు పెడితే నూనె అంటీ అంటనట్టు ఒక మెరుపు, అంతే. అంతమాత్రం తడి ఉండాలి. బొత్తిగా ఎండిపోయిన రాడ్డు మీద సీలు బతకదు. మా ఆవిడ మిక్సీ డబ్బా కిందికి దించింది. ఆవిడ నోటితో మెచ్చుకోదు, పని అప్పగిస్తుంది.

ఆమధ్య నాన్నగారి మోకాలు మళ్ళీ తిరగబెడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అంచు కోసిన ఎక్స్‌రేని డాక్టరుగారు దీపానికి పట్టుకుని, ఇదేమిటన్నట్టు చూశారు. "మావాడి బండికి అవసరమొచ్చింది" అన్నారు నాన్నగారు. డాక్టరుగారు ఫిల్ము పక్కన పెట్టి, నాన్నగార్ని గదిలో నాలుగడుగులు నడిపించారు. మోకాలు ముట్టుకోలేదు. పడుకోబెట్టి కాలు మడిచి తిప్పుతుంటే, తుంటి దగ్గర నాన్నగారు అబ్బా అన్నారు. "నొప్పి మోకాల్లో తెలుస్తోంది గానీ, చూడవలసింది తుంటి" అని కొత్త ఎక్స్‌రే రాశారు.

నేను నవ్వాపుకుంటుంటే నాన్నగారు నా వైపు గుర్రుగా చూశారు. కింద ల్యాబులో ఎక్స్‌రే అయ్యాక ఫిల్ము కోసం చెయ్యి చాపారు. ఇప్పుడు ఫిల్ములివ్వడం లేదండీ, ఫోనుకే పంపిస్తాం అంది అక్కడి అమ్మాయి.

ఆటో ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదాయన. ఎక్కాక అన్నారు:

"మరి ఆ కుడి కాలు కూడా కారితే ఏం చేస్తావురా?"