బియ్యం కడిగే నీళ్లకూ లెక్కుంది!

పెర్త్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటున్న అబ్బాయి ఫోన్ చేసి 'ఈసారి సెలవులకు గిబ్ రివర్ రోడ్డు వెళ్దాం, అమ్మా నాన్నా మీరూ రండి' అన్నాడనుకోండి. పేరు వినగానే ఏదో నది ఒడ్డున చల్లగా సాగే షికారనుకుంటాం. కాదు. అది పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన, కింబర్లీ ప్రాంతంలో డెర్బీ నుంచి కునునర్రా సమీపం దాకా దాదాపు 660 కిలోమీటర్లు సాగే దారి. కొంతమేర తారు పడినా ఎక్కువ భాగం మట్టీ కంకరే. పశువుల్ని లారీల్లో తోలడానికి వేసిన బాట ఇప్పుడు గుడారాలు కట్టుకుని తిరిగే కుటుంబాలకు కలల యాత్ర అయింది. కింబర్లీ మన రెండు తెలుగు రాష్ట్రాల్నీ కలిపిన దానికి ఒకటిన్నర రెట్లు. జనం మాత్రం నలభై వేలకు అటూ ఇటూ... మన దగ్గర ఒక్క మండలమంత! దారిలో బండి ఆగితే వెనక వచ్చే బండి కోసం చూడాలి, సెల్‌ఫోన్‌లో సిగ్నల్ కోసం కాదు. అందుకే ఈ యాత్ర సగం ఇంట్లోనే, నెలల ముందే జరిగిపోవాలి.

ముందుగా క్యాలెండర్. ఆస్ట్రేలియాలో పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిల్లో. మనవాళ్లు ఇక్కడి నుంచి వెళ్లేదీ తరచూ అప్పుడే. కింబర్లీకి అదే కాని కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు, తుపాన్లు, భరించలేని ఉక్క. నదులు పొంగి దారి మూసేస్తారు. మూసిన దారిలో బండి దించితే భారీ జరిమానా. వెళ్లాల్సింది మే నుంచి సెప్టెంబరు మధ్యలో. పగలు ముప్పై డిగ్రీలు, రాత్రి దుప్పటి కప్పుకునే చలి. జులైలో స్కూళ్లకు రెండు వారాల సెలవులు కాబట్టి రద్దీ అప్పుడే... బస చోట్లు చాలా ముందుగా మాట్లాడుకోవాలి. పెర్త్ నుంచి డెర్బీకి రోడ్డున రెండువేల మూడొందల కిలోమీటర్ల పైమాటే. పది రోజుల సెలవు ఉన్నవాళ్లు బ్రూమ్‌ దాకా విమానంలో వెళ్లి అక్కడ బండి అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. అద్దె కాగితంలో రెండు విషయాలు చూడాలి. ఈ రోడ్డు మీదికి బండిని అనుమతిస్తారా? నీళ్లలో దిగి పాడైతే బీమా వర్తిస్తుందా? రెండో ప్రశ్నకు చాలాచోట్ల 'లేదు' అనే జవాబు ఉంటుంది.

నీళ్లా... సామానా?

ఇక అసలు లెక్క. తాగడానికే మనిషికి రోజుకు ఐదు లీటర్లు. వంటా, కడుక్కోవడమూ కలిపితే పది. నలుగురికి పది రోజులంటే నాలుగొందల లీటర్లు... అంటే నాలుగొందల కిలోలు! పెద్ద ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కూడా మోయగలిగేది మనుషులతో కలిపి ఆరేడొందల కిలోలే. నలుగురు ఎక్కితేనే మూడొందల దాకా పోతుంది. కాబట్టి దారిలోని మజిలీల్లో నీళ్లు పట్టుకుంటూ, ఎప్పుడూ నాలుగు రోజులకు సరిపడా నూట అరవై లీటర్లు బండిలో ఉండేలా చూసుకోవాలి. అదీ ఒకే డ్రమ్ములో కాదు, నాలుగైదు క్యాన్లలో. ఒకటి చిల్లుపడినా మిగతావి ఉంటాయి.

ఈ లెక్క వేశాక మన వంటిల్లు కొత్తగా కనిపిస్తుంది. బియ్యం మూడుసార్లు కడిగి నీళ్లు పారబోసే అలవాటు అక్కడ ఖరీదైనది. కందిపొడి, ఆవకాయ, పులిహోర పులుసు ఉంటే గిన్నెలు తక్కువ, నీళ్లూ తక్కువ. ప్రయాణాలకు మన అమ్మమ్మలు కట్టిచ్చిన మూటలు ఈ బాటకు అతికినట్టు సరిపోతాయి. (ఇక్కడి నుంచి పట్టుకెళ్లే పచ్చళ్లూ పొడులూ ఆస్ట్రేలియాలో దిగగానే విమానాశ్రయంలో తప్పక రాసివ్వాలి. దాచారో, జరిమానా!) మడత బల్లలు, మిక్సీలు, రంగురంగుల దీపాలు దుకాణంలో ఎంత ముద్దొచ్చినా వద్దు. ఆ బరువులో ఇంకో స్టెపినీ వేసుకోండి. రెండు స్టెపినీలు ఈ దారికి దుబారా కాదు.

దారి పొడవునా రేకుల షెడ్డు పైకప్పులా అడ్డగీతల గతుకులు. టైర్లలో నలభై దగ్గరుండే గాలిని ఇరవై ఆరు, ఇరవై ఎనిమిదికి దించితే కుదుపు తగ్గుతుంది, రాళ్లకు టైరు కోసుకుపోదు. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి కాబట్టి చిన్న కంప్రెసర్ తప్పనిసరి. డెర్బీ నుంచి మూడొందల కిలోమీటర్ల దగ్గర మౌంట్ బార్నెట్‌లో డీజిల్ దొరుకుతుంది. మిట్చెల్ జలపాతం చూడాలని ఉంటుంది కానీ, అది అదనంగా రానూపోనూ ఐదొందల కిలోమీటర్లు, ఇంకా మొరటు దారి. మొదటిసారి వెళ్లేవాళ్లు దాన్ని వదిలేస్తేనే మంచిదని నా ఉద్దేశం. ఆ రోజుల్ని బెల్ గార్జ్ మడుగుల్లో ఈతకూ, ఎలెన్‌బ్రే పశుక్షేత్రంలో వేడివేడి స్కోన్లకూ కేటాయించండి. చీకటి పడ్డాక మాత్రం బండి నడపొద్దు. కంచెలు లేని దారి మీద ఆవులూ కంగారూలూ తిరుగుతుంటాయి.

నదిలో దిగొద్దు!

వాగు దాటేముందు మనిషి నడిచి లోతు చూడాలన్నది ఎక్కడైనా నియమం. పెంటకోస్ట్ నది దగ్గర అది పనికిరాదు. ఆ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లుంటాయి. ఒడ్డున ఆగి, ముందు బండి ఎలా దాటుతోందో చూసి, లో గేరులో నెమ్మదిగా దాటాలి. నీళ్లు ఎక్కువున్నాయనిపిస్తే ఆగిపోవాలి. ప్రణాళికలో రెండు ఖాళీ రోజులు పెట్టుకోమనేది ఇందుకే. రేపు విమానం ఉందన్న తొందర నది లోతును తక్కువ చేసి చూపిస్తుంది.

మరి బండే ఆగిపోతే? కింబర్లీకి చాలా దూరాన, దక్షిణ ఆస్ట్రేలియా నుంచి క్వీన్స్‌లాండ్‌కు వెళ్లే బర్డ్స్‌విల్ ట్రాక్ అనే ఎడారి బాటలో 1963 డిసెంబరులో జరిగిన సంగతి అక్కడ ఇప్పటికీ చెప్పుకొంటారు. దారి తప్పి, పెట్రోలు అయిపోయి, ఒక కుటుంబం కారు వదిలి నీళ్ల కోసం నడిచింది. ఐదుగురూ దాహంతో చనిపోయారు. బండి నీడనిస్తుంది. పైనుంచి వెతికే విమానానికి మనిషికన్నా అదే తేలిగ్గా కనిపిస్తుంది. ఈ మాట పిల్లలకూ, ముఖ్యంగా 'నేను నడిచెళ్లి సాయం తెస్తా' అనే ఇంటి పెద్దలకూ బయల్దేరకముందే చెప్పాలి. శాటిలైట్ ఫోనో, బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆచూకీ పంపే బీకనో అద్దెకు దొరుకుతాయి. 1928లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ సేవ ఉంది. కబురందితే డాక్టరే విమానంలో వస్తాడు. అందడమే ముఖ్యం. అందుకే ఊళ్లోని ఒక స్నేహితుడి దగ్గర ఏ రాత్రి ఎక్కడ బసో రాసిన కాగితం ఉంచి, ఫలానా రోజు సాయంత్రానికి ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పమనాలి.

ఇంత హడావుడీ దేనికంటారా? బండిల్‌గన్ అని స్థానికులు పిలిచే విండ్‌జానా గార్జ్‌లో సున్నపురాతి గోడలు ఒకప్పుడు సముద్రగర్భంలోని దిబ్బలు. వయసు ముప్పై ఐదు కోట్ల సంవత్సరాల పైనే. దానికి దగ్గర్లోనే టన్నెల్ క్రీక్ గుహ. వలస పాలకులను ఎదిరించిన బునుబా వీరుడు జండమర్రా 1897లో అక్కడే నేలకొరిగాడు. టార్చి పట్టుకుని నీళ్లలో నడుస్తూ ఆ చీకటి గుహను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటొచ్చు. ఇక దారి పక్కన పొట్ట ఉబ్బిన బోఅబ్ చెట్లు. ఎక్కడో చూసినట్టే ఉంటాయి. గోల్కొండ నయా ఖిల్లాలోని ఏనుగంత చెట్టు గుర్తుందా? రెండూ ఒకే జాతి బంధువులు. అబ్బాయికి ఫోటో పంపేముందు, ఈ ఆదివారం గోల్కొండకు వెళ్లి దాని మొదలు చుట్టూ ఒకసారి తిరిగి రండి.