ఎర్రరాయి పలికే సాక్ష్యం

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే దారిలో, కొత్తగూడేనికి చేరువలో గరీబ్‌పేట గుట్ట ఉన్నది. 2016లో జిల్లాలు విడిపోయి అది భద్రాద్రి కొత్తగూడెం పాలయినా, మాబోటివారి నోట నేటికీ ఖమ్మమే. ఆ గుట్ట గార్నెట్లకు ప్రసిద్ధి. చూపరులు కెంపులని భ్రమపడేంత ఎరుపు.

మా పెదనాన్నగారు ఒకనాడు గుప్పెడు రాళ్ళు నా చేతిలో పోసి, "ఇవి ఉన్నచోట వజ్రాలుంటాయట గదా, నాయనా?" అన్నారు. ఎకరం అమ్మి తవ్వించాలన్నది వారి ఆలోచన. ఆ మాట ఉత్త పుకారు కాదు. అనంతపురం సీమలోని వజ్రకరూరు వంటి కింబర్లైట్ శిలల్లో వజ్రాలకు తోడుగా గార్నెట్లు వచ్చేమాట నిజం. అందుకే అన్వేషకులు వాగుల ఇసుకలో ముందు గార్నెట్లను ఏరుతారు. వజ్రం అరుదు, గార్నెట్ విస్తారం.

కాని ఏ గార్నెట్? సంగతంతా అక్కడే ఉన్నది. నునుపు చేసిన రాతిపై సన్నని ఎలక్ట్రాన్ పుంజాన్ని ప్రసరింపజేస్తే, అందులోని మూలకాలు తమతమ ఎక్స్ కిరణాలతో బదులు పలుకుతాయి. వాటిని కొలిస్తే రాతి కూర్పు తెలుస్తుంది. వజ్రపు చెలికాడు పైరోప్ జాతివాడు: మెగ్నీషియం మెండు, క్రోమియం తోడు. అందునా క్రోమియం హెచ్చి కాల్షియం తగ్గినదైతే, నూటయాభై కిలోమీటర్ల లోతున, వజ్రం నిలువగల ఒత్తిడిలో పుట్టినదని అనుమానించవచ్చును. భూగర్భవేత్తలు దానికి జి-10 అని పేరు పెట్టారు (కవిత్వం లేని పేరు!).

గరీబ్‌పేట రాయి వేరు. అది ఆల్మండైన్, కూర్పులో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు ఇనుపజాతిదే. పుట్టినది అగ్నిపర్వతపు గొట్టంలో కాదు. బంకమట్టి వంటి అవక్షేపాలు భూమి పైపొరలోనే వేడికి, ఒత్తిడికి రూపుమారిన షిస్టు శిలలో. కంటికి రెండూ ఎరుపే.

ఈ మాట చెప్పగా పెదనాన్నగారు చాలాసేపు పలుకలేదు. ఎకరం మాత్రం దక్కినది.

అదే రసాయన పరీక్ష ఆ రాళ్ళకు వేరొక గౌరవం తెచ్చినది. పుదుచ్చేరి చెంత అరికమేడులో ప్రాచీనులు పూసలుగా మలచిన గార్నెట్లను 2017లో కార్ల్ ష్మెట్జర్ బృందం పరిశీలించి, కూర్పులోను, లోపల చిక్కుకున్న సన్నని సిల్లిమనైట్ పోగులలోను అవి గరీబ్‌పేట రాళ్ళతో సరిపోలుతున్నాయని తేల్చినది. రోమునకు ఓడలు నడిచిన రేవు అరికమేడు. గోదావరి అడవి అంచు నుండి అంత దూరం ఆ మూటలను మోసినవారెవరో!