అమ్మ గుప్పెడు బియ్యం

ఈ ఆదివారం మా గుడిలో కోతల పండుగ. బాపట్ల పక్కన మా చేను, సాంబ మసూరి, నూర్పిడి అయింది. మొదటి బస్తా నాన్న తూకానికి పెట్టనివ్వరు. అది ప్రథమ ఫలం, దేవుడిది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను ఇక్కడే తీరం దాటింది. పడిపోయిన చేలో వెన్నులు మొలకలెత్తాయి. ఆ ఏడూ ఒక బస్తా గుడికి వెళ్లింది. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నా.

అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి, పెదాలు కదుపుతూ పాత హార్లిక్స్ సీసాలో వేస్తుంది. అది మా సంఘంలోని పేదవాళ్లకి. ఆ ఏడు కూడా సీసా నిండింది. ఇప్పుడు కోపం లేదు.

ఇంకా కోతలు కాని రైతుల కోసం ఒక్క మాట ప్రార్థన చేయండి.