అర్ధణా బిళ్లలో మూడు కొప్పులు

ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటా 1854 అక్టోబర్ 1న ఒకే రకం తపాలా బిళ్లలను అమల్లోకి తెచ్చింది. అరకు లోయ చుట్టుపట్ల కొండసీమను 1839 నాటి చట్టం విశాఖపట్నం ఏజెన్సీగా విడదీసి, దాని పాలనను ఏజెంటుకు అప్పగించింది. పాలన వేరైనా బిళ్ల వేరు కాలేదు. పావు తులం లోపు ఉత్తరానికి, ఎంత దూరమైనా, అర్ధణాయే.

నీలిరంగులో విక్టోరియా రాణి తల ఉన్న ఆ అర్ధణా బిళ్ల పైపైన చూస్తే ఒక్కటే. నిజానికి మూడు. కలకత్తా సర్వేయర్ జనరల్ కార్యాలయంలో కెప్టెన్ థ్యులియర్ పర్యవేక్షణలో రాతి అచ్చు మీద దాన్ని ముద్రించారు. మొదట ఎర్రరంగుతో మొదలుపెట్టారు గాని, ఆ రంగు నిల్వ అయిపోవడంతో నీలానికి మారారు. రాగిరేకు మీద చెక్కిన మూలచిత్రాన్ని కాగితం మీదికి, అక్కణ్ణుంచి రాతి మీదికి దించేవారు. అలా ఒక్కో తావుకు 96 బిళ్లలు. మూలచిత్రం మారినప్పుడల్లా రాణి ముఖంలో ఏదో ఒకటి మారింది. ఆ మూడు మూలాలనే సేకర్తలు డై 1, డై 2, డై 3 అంటారు.

ముందు చూడాల్సింది కొప్పు. మొదటి డైలో దాని నీడ నీలి మరకల్లా ముద్దకట్టి ఉంటుంది. రెండోదాంట్లో నీడ బాగా తక్కువ, జుట్టుకూ కొప్పుకూ నడుమ ఒక దిట్టమైన గీత. మూడోదాంట్లో గీతలు విడివిడిగా, శుభ్రంగా కనిపిస్తాయి. తపాలా ముద్ర సరిగ్గా కొప్పు మీదే పడితే మూలల్లోని నక్షత్రాలే దిక్కు: మొదటి డైలో పొడవాటి మొనలతో నిండు నీలం, మూడోదాంట్లో చిన్నవి, లోపల తెల్లగా బోలు. అయితే ఈ బిళ్లలకు అంచున చిల్లులు లేవు, కత్తెరతో కోసేవారు. కోత లోపలికి జరిగితే నక్షత్రమూ పోతుంది. అప్పుడు కిరీటం కింది పట్టీ చూడాలి. మూడో డైలో అక్కడ నీడ పలచన, లేదా అసలే ఉండదు. నీలం ఛాయను బట్టి మాత్రం తేల్చకూడదు. ఒకే డైలోనూ ఛాయలు మారతాయి.

అమెరికాలో 1851 నాటి ఒక సెంటు ఫ్రాంక్లిన్ బిళ్లదీ ఇలాంటి కథే, కాని అక్కడ పలక ఉక్కుది. పలక మీద పైనా కిందా అలంకారాలు తెగిపోయాయి. మొదటి పలకలోని 200 స్థానాల్లో పూర్తి బొమ్మ దక్కింది ఒక్కదానికే.

నిజాం హైదరాబాదు 1870లో వేసిన అర్ధణా, రెండణాల బిళ్లలు వీటన్నిటికన్నా ముచ్చటైనవి. స్థానిక చెక్కుడు పనివాళ్లు పలక మీద 240 బొమ్మలనూ విడివిడిగా చేతితో చెక్కారు. ఏ రెండూ ఒకటి కావు. అక్కడ రకం గుర్తించడమంటే పలక మీద ఆ బిళ్ల చోటు చెప్పడమే.