భర్త సంతకం అక్కర్లేదు

2023 డిసెంబరులో డాలస్ ప్రాంతానికి చెందిన కేట్ కాక్స్ టెక్సాస్‌లో కోర్టుకెక్కింది. ఇద్దరు పిల్లల తల్లి, మళ్ళీ 20 వారాల గర్భిణి. కడుపులో బిడ్డకు ట్రైసమీ 18 అనే జన్యు లోపం, బతికే ఆశ దాదాపు లేదు. ఇలాగే మోస్తే ఇకముందు కాన్పే కష్టం కావచ్చని ఆమె భయం. కింది కోర్టు అబార్షన్‌కు ఒప్పుకుంది, రాష్ట్ర సుప్రీంకోర్టు అడ్డుకుంది. తుది తీర్పు వచ్చేలోపే ఆమె రాష్ట్రం దాటి వెళ్ళాల్సి వచ్చింది.

కామారెడ్డి జిల్లా బీర్కూర్‌లో పుట్టి డాలస్ దగ్గర కాపురముంటున్న ఈ కాలమిస్టును ఆ వార్త చాలా రోజులు వదల్లేదు. అమెరికాలో ‘ప్రో-ఛాయిస్’, అంటే అబార్షన్ నిర్ణయం ఆడమనిషిదే అనడం, ఎన్నికల నినాదం. అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు దానికి అండగా ఉండేది. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేయడంతో ఆ అండ పోయింది. టెక్సాస్‌లో ఇప్పుడు అత్యాచారానికి గురైనా అబార్షన్ నిషేధం నుంచి మినహాయింపు లేదు, అబార్షన్ చేసిన డాక్టరుకు యావజ్జీవ శిక్ష దాకా పడొచ్చు.

బీర్కూర్‌లో ఆ నినాదం వినపడదు. ‘అబార్షన్’ అనే మాట కూడా గొంతు తగ్గించే అంటారు. కానీ చట్టం ఇక్కడే మేలు. 1971 ఎంటీపీ (గర్భవిచ్ఛిత్తి) చట్టం, దాని 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళ వంటివారికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాలు. పెళ్ళికానివాళ్ళకూ ఇదే వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు తేల్చింది. బిడ్డకు తీవ్ర లోపముందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే వారాల పరిమితే లేదు. కేట్ కాక్స్ బీర్కూర్ దగ్గరి బాన్సువాడలో ఉండుంటే ఊరు దాటినా రాష్ట్రం దాటే పనుండేది కాదు.

మన చట్టంలోనూ లోటుంది. అది ఆడమనిషి హక్కుగా కాక, డాక్టరు ఇచ్చే అనుమతిగా రాసుంది. అందుకే ఆస్పత్రి గుమ్మంలో “మీ ఆయనను తోల్కరా” అనే మాట చెల్లుబాటవుతోంది. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఎందరి భర్తలో దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్నారు. వాళ్ళను ఎక్కడి నుంచి తోల్కరావాలి? వారాలు గడిచిపోతాయి, ఆమె దొంగచాటు మాత్రల దారి పడుతుంది. నిజానికి 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం ఏ సెక్షన్‌లోనూ లేదు.

స్కానింగ్ సెంటర్ గోడ మీద ‘లింగ నిర్ధారణ నేరం’ అన్న బోర్డు చూసి అబార్షనే నేరమనుకునేవాళ్ళూ ఉన్నారు. అది 1994లో వచ్చిన వేరే చట్టం. ఇంకొకటి కూడా ఊళ్ళో ఆడవాళ్ళకు తెలియాలి: అబార్షన్ చేయించుకున్నామె పేరును, చట్టం అనుమతించినవాళ్ళకు తప్ప ఇంకెవరికైనా డాక్టరు బయటపెడితే ఏడాది దాకా జైలు.